టీచరుగా వచ్చిన డాక్టరమ్మ

1883లో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురు దిక్కుల్లో సముద్రం దాటారు. ఏప్రిల్ 7న కలకత్తా రేవులో ఓడ ఎక్కిన ఆనందీబాయి జోషికి అప్పుడు 18 ఏళ్లు. భర్త శ్రీరాంపూర్‌లో పోస్టల్ ఉద్యోగి. పద్నాలుగేళ్ల వయసులో కన్న బిడ్డ పట్టుమని పది రోజులు బతకలేదు. సరైన వైద్యం ఉంటే దక్కేవాడన్న బాధే ఆమెను డాక్టరు చదువు కోసం అమెరికా దాకా తీసుకెళ్లింది. మరో నాలుగు నెలలకు, ఆగస్టులో, అటు వైపు నుంచి అన్నా సారా కుగ్లర్ ఓడ ఎక్కారు. వయసు 27. అప్పటికే ఆమె డాక్టరు. గమ్యం గుంటూరు.

ఆనందీబాయి ఆ ఏడు చేరిన కాలేజీలోనే కుగ్లర్ 1879లో పట్టా పుచ్చుకున్నారు. ఫిలడెల్ఫియాలోని ఆ వుమన్స్ మెడికల్ కాలేజీ 1850లో మొదలైంది. మగవాళ్ల కాలేజీలు తలుపులు మూసేసిన రోజుల్లో ఆడవాళ్లకు వైద్యం నేర్పడానికే పుట్టిన సంస్థ అది. ఇద్దరి కాలంలోనూ డీన్ ఒక్కరే, రేచల్ బాడ్లీ. ఆనందీబాయిని ఆప్యాయంగా చేర్చుకున్నదీ ఆవిడే. కాబట్టి ఇద్దరూ ఒక బడి పిల్లలు. ఒకరు డాక్టరు కావడానికి వెళ్తున్నారు. రెండో ఆవిడ డాక్టరై కూడా టీచరు ఉద్యోగం మీద వస్తున్నారు.

టీచరు ఉద్యోగం ఎందుకన్నదే ఆమె కథలో అసలు మెలిక.

పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో 1856 ఏప్రిల్ 19న లూథరన్ కుటుంబంలో కుగ్లర్ పుట్టారు. చదువు అయ్యాక నోరిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆస్పత్రిలో స్త్రీల విభాగంలో పని చేశారు. ఉద్యోగం ఉంది, ఇంటికి దూరమూ కాదు. సరిగ్గా అప్పుడు గుంటూరు లూథరన్ మిషన్‌లో పని చేస్తున్న ఆడమ్ రో అనే మిషనరీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడి ఆడవాళ్లకు లేడీ డాక్టరు అవసరం ఎంతో ఉందన్నది దాని సారాంశం. ఆమె తన చర్చికి చెందిన మహిళా మిషనరీ సొసైటీకి దరఖాస్తు పెట్టుకున్నారు. 1879లోనే పుట్టిన సంఘం అది. పిల్లలకు చదువు చెప్పించడం, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించడం వాళ్లకు తెలిసిన పని. వైద్యం అంటే మందులు, పరికరాలు, కట్టడాలు, ఎడతెగని ఖర్చు. ఆ బరువు తలకెత్తుకోవడానికి సొసైటీ సిద్ధంగా లేదు. టీచరుగా అయితే పంపుతాం అన్నారు.

ఇంకొకరైతే ఆ ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టి నోరిస్‌టౌన్‌లోనే ఉండిపోయేవారేమో. కుగ్లర్ సరే అన్నారు. సరే అని ఊరుకోకుండా తన వైద్య పరికరాలు కూడా సామానుతో పాటు సర్దుకున్నారు. ఆవిడ సహనం గురించి చెప్పేవాళ్లు ఈ మొండితనాన్ని కూడా కలిపి చెప్పాలి.

వలస అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది మనవాళ్లు వెళ్లిన దారులే. కాకినాడ, విశాఖల నుంచి రంగూన్‌కు, శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు. ఖరగ్‌పూర్‌లో ఖరిదా లాంటి పేటల్లో తెలుగు వినిపించడానికి కారణం ఆ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనే. వెళ్లినవాళ్లు అమ్మవారిని వెంట తీసుకెళ్లారు, పండగలను తీసుకెళ్లారు, పచ్చడి జాడీనీ తీసుకెళ్లారు. పరాయి ఊళ్లో తమ దేవుణ్ణి నిలబెట్టుకుని, ఆ ఊరికి అవసరమైన పని చేస్తూ అక్కడివాళ్లే అయిపోయారు. కుగ్లర్‌ది కూడా అలాంటి వలసే. కాకపోతే దిక్కు మారింది. కూలి కోసం రాలేదు, పాలించడానికీ రాలేదు. ఆమె వెంట వచ్చినవి ఒక బైబిలు, ఒక పెట్టెడు పరికరాలు.

1883 నవంబర్ 29న ఆమె గుంటూరు చేరారు. అప్పటికి ఊరికి రైలు లేదు. గుంటూరు జిల్లా అనేదే లేదు. 1904లో విడిపోయేదాకా అదంతా కృష్ణా జిల్లా. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. గుంటూరులో లూథరన్ మిషన్ మాత్రం పాతదే. 1842లో ఫాదర్ హేయర్ వచ్చి మొదలు పెట్టారు. ఆయన మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటాక వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మరీ తిరిగొచ్చిన మనిషి. మందుకూ మతానికీ అక్కడ ముడి పడింది ఆయన నాటి నుంచే. అయితే మగ డాక్టరు ఎంతటివాడైనా, దొరైనా, మన వైద్యుడైనా, పురిటి గది గడప దాటలేడు. ఆడమనిషి ఒంట్లో బాధ గుమ్మం అవతల నిలబడ్డ మగవాడికి చేరాలంటే మొగుడి నోటి ద్వారానో అత్తగారి నోటి ద్వారానో చేరాలి. సగం బాధ దారిలోనే రాలిపోయేది.

పురుళ్లన్నీ మంత్రసాని చేతి మీదుగానే జరిగేవి. మంత్రసానులందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. వాళ్ల చేతుల్లో అనుభవం ఉంది, తలలో తరాల తెలివి ఉంది. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, రక్తం ఆగనప్పుడు, పురిటి జ్వరం పట్టుకున్నప్పుడు మాత్రం ఆ తెలివికి దారి కనిపించేది కాదు. చేతులను క్రిమిరహితం చేసుకోవాలన్న జ్ఞానం యూరప్ ఆస్పత్రుల్లోనే అప్పుడప్పుడే పాదుకుంటోంది. ఇక్కడ పురిటి గదిలో దాని ఊసు ఎలా ఉంటుంది?

టీచరుగా కుగ్లర్‌కు అప్పగించిన పని బడులు, జనానా ఇళ్లు. బడికి వెళ్లేవారు. ఇళ్లకు వెళ్లేవారు. తెలుగు నేర్చుకోవాలి. అది తప్పనిసరి. అక్షరాలు దిద్దించే వంకతో వెళ్లిన ఇంట్లో మూల గదిలో మూలుగు వినిపిస్తే డాక్టరు ఊరుకుంటుందా? మొదటి ఏడాది నుంచే ఇళ్లకు వెళ్లి రోగులను చూశారు, తన బసకు వచ్చినవాళ్లను చూశారు. ఉద్యోగం పేరు ఒకటి, చేసే పని రెండు.

వైద్యం కావాలి కానీ వైద్యురాలి స్పర్శ వద్దు అనే విచిత్రం కూడా ఆ రోజుల్లోదే. పై కులాల ఇళ్లలో దొరసాని అడుగు పెడితే మైల. ఆమె వెళ్లాక ఆమె తాకినవన్నీ కడిగి శుద్ధి చేసుకోవాల్సిందే. నాడి చూడనిచ్చిన చేయి, ఆమె గుమ్మం దాటగానే స్నానానికి లేచేది. పరాయి చేతి నీళ్లతో కలిపిన మందు గొంతు దిగాలంటే ఆ ఇంటి ఇల్లాలికి ప్రాణం మీదికి రావాలి. అవమానం అనుకుంటే అదంతా అవమానమే. అదే గడపకు మరోసారి పిలుపొస్తే మళ్లీ వెళ్లడమే ఆమె చేసిన పని. మాల, మాదిగ పల్లెలకు ఈ పట్టింపులు లేవు. వాళ్లను తాకడానికి ఇష్టపడని ఊళ్లో ఒక దొరసాని వచ్చి చేయి పట్టుకుని చూడటమే అక్కడ పెద్ద వార్త. మైల అన్న మాటకు ఒకే ఊళ్లో రెండు ముఖాలను రోజూ చూసిన మనిషి ఆమె.

రెండేళ్లు ఇలా గడిచాక సొసైటీ దిగొచ్చింది. 1885 డిసెంబర్‌లో ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది. చేస్తున్న పనికి పేరు దొరికింది, అంతే. అదే ఏడాది లేడీ డఫరిన్ నిధి మొదలైంది. భారత స్త్రీలకు ఆడ డాక్టర్లు కావాలన్న సంగతి వైస్రాయి బంగళాకు కూడా అప్పటికి అందింది. 1886లో గుంటూరులో కుగ్లర్ డిస్పెన్సరీ తెరుచుకుంది.

1886 మార్చి 11న ఫిలడెల్ఫియాలో ఆనందీబాయికి పట్టా ఇచ్చారు. పశ్చిమ దేశాల వైద్య పట్టా అందుకున్న తొలి భారతీయ మహిళల్లో ఆమె ఒకరు. కొల్హాపూర్ ఆస్పత్రిలో స్త్రీల వార్డు బాధ్యత ఆమె కోసం సిద్ధంగా ఉంది. కానీ క్షయ అప్పటికే ఒంట్లో కూర్చుంది. ఆ ఏడాది చివర స్వదేశం చేరిన ఆనందీబాయి ఉద్యోగంలో చేరకుండానే 1887 ఫిబ్రవరి 26న పుణెలో కన్నుమూశారు. నిండా 22 ఏళ్లు లేవు. హిందువుగానే వెళ్తాను, హిందువుగానే తిరిగొస్తాను అని శ్రీరాంపూర్ సభలో చెప్పి వెళ్లిన మనిషి ఆ మాట నిలబెట్టుకున్నారు. చెప్పినట్టే తిరిగొచ్చారు. చేయాలనుకున్న పనికే ఆయుష్షు చాలలేదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. కుగ్లర్‌కు దేశం పరాయిది, ఆయుష్షు ఉంది. ఆనందీబాయికి దేశం సొంతం, ఆయుష్షు లేదు.

కుగ్లర్ గుంటూరులో అద్దె గదులతో సరిపెట్టుకోలేదు. రోగికి మందిచ్చి ఇంటికి పంపేస్తే అక్కడ ఆ మందు వేస్తారో లేదో, పథ్యం పెడతారో లేదో తెలియదు. కోతపెట్టాల్సిన రోగిని పడుకోబెట్టడానికి చోటు లేదు. ఆస్పత్రి కావాలి. డబ్బు ఎక్కడిది? అమెరికాలోని చర్చి ఆడవాళ్లు పోగేసిందే. ఊరూరా సంఘాలు, సభ్యత్వపు రుసుములు, చిన్న చిన్న చందాలు. వాళ్లలో చాలామందికి గుంటూరు మ్యాపులో ఎక్కడుందో తెలిసే అవకాశం తక్కువ. అప్పటికి వాళ్లకే ఓటు హక్కు లేదు. సొంతంగా ఓటు వేయలేని ఆడవాళ్లు చిల్లర పోగేసి, ఇంకో ఖండంలో గడప దాటలేని ఆడవాళ్ల కోసం ఆస్పత్రి కట్టించారు. 1893లో డిస్పెన్సరీకి భవనం వచ్చింది. 1898 జూన్‌లో 50 పడకల ఆస్పత్రి ప్రారంభమైంది. ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం. మొదలు పెట్టింది ఆడమనిషి, కత్తి పట్టింది ఆడమనిషి, పడక మీద ఉన్నది ఆడమనిషి. ఆనాటి గుంటూరులో ఇంత పెద్ద ఆడవాళ్ల చోటు అంతకు ముందు ఊహకు కూడా అందేది కాదు.

సృజన అంటే కవిత్వమో బొమ్మలో అనుకుంటాం. ఖాళీ నేల మీద కాన్పు గది ఎటు ఉండాలి, గాలి ఎటు నుంచి రావాలి, బంధువులు ఎక్కడ వండుకోవాలి అని ఊహించి కట్టించడం కూడా ఆ కోవలోకే రావాలి. పైగా ఈ ఊహ తప్పితే ప్రాణాలు పోతాయి.

ఇక అసలు ప్రశ్న. ఇదంతా మతం మార్చడానికి వేసిన ఎర కాదా? ఈ ప్రశ్న ఇప్పుడు కొత్తగా పుట్టింది కాదు, ఆమె రోజుల్లోనూ ఉంది. దాన్ని దాచి రాస్తే కుగ్లర్‌ను సగమే చూపించినట్టు. ఆమె మిషనరీ. క్రీస్తును గురించి చెప్పడానికే వచ్చానని ఎవరి దగ్గరా దాచలేదు. మిషన్ ఆస్పత్రుల్లో ప్రార్థన, బైబిలు పఠనం దినచర్యలో భాగం. ఆమెను పంపిన సొసైటీ లెక్కలో వైద్యం ఒక దారి మాత్రమే, గమ్యం వేరు. ఆమె లెక్క మాత్రం అంత తేలిగ్గా విడదీయడానికి వీల్లేనిది. రోగిని బాగు చేయడం తన విశ్వాసానికి ముందు మాట కాదు, అదే విశ్వాసం అన్నట్టుగా పని చేశారు. తలుపు దగ్గర కులం అడగలేదు, మతం అడగలేదు. అయినా వంటా, నీళ్లూ, ఆచారాల దగ్గర వచ్చిన ఇబ్బందులు తీరేవి కావు. నిష్ఠ గల హిందూ కుటుంబం రోగి వెంట వస్తే మిషన్ ఆవరణలో వండుకు తినడం ఎలా?

దీనికి జవాబు మిషన్ నుంచి రాలేదు. ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు నుంచి వచ్చింది. ఆయన జమీందారు, రచయిత కూడా. తన కుటుంబానికి డాక్టరమ్మ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా, ఆస్పత్రికి వచ్చే హిందూ రోగుల కుటుంబాల కోసం ఆయన ఆస్పత్రి ఎదురుగా సత్రం కట్టించారు. రోడ్డుకు ఒక వైపు క్రైస్తవ ఆస్పత్రి, మరో వైపు హిందూ సత్రం. ఇక్కడ మందు, అక్కడ మడి వంట. ఎవరి దేవుడు వాళ్లకు ఉన్నాడు, రోగి మాత్రం ఉమ్మడి. ఉత్తరాదిన బరేలీలో కూడా ఇలాంటిదే జరిగింది. ఫిలడెల్ఫియా కాలేజీలోనే చదివి, 1870లో ఆ ఊరు చేరిన తొలి మహిళా వైద్య మిషనరీ క్లారా స్వైన్‌కు ఆస్పత్రి కోసం స్థలం ఇచ్చింది రాంపూర్ నవాబు. మత చర్చల్లో తేలని సంగతులను కొన్నిసార్లు పురిటి గదులు ఇలా తేల్చేస్తాయి.

ఆస్పత్రితో పాటు నర్సుల శిక్షణ సాగింది. వైద్యం ఎంత ముఖ్యమో ఇదీ అంతే. ఆ కాలంలో పరాయివాళ్ల ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం నీచమైన పనిగా చూసేవారు. ఆ పనికి తెల్లటి దుస్తులు, చదువు, జీతం జోడించి గౌరవం తేవడం ఒక్క ఏడాదిలో అయ్యేది కాదు. తెలుగు నేల మీద నర్సు ఉద్యోగంలో తొలి తరాల వాళ్లలో క్రైస్తవ అమ్మాయిలు, అందులోనూ దళిత కుటుంబాల అమ్మాయిలు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇలాంటి మిషన్ శిక్షణలే. తాకకూడదని ఊరు దూరం పెట్టిన చేతులే ఊళ్లోవాళ్ల గాయాలు కడిగాయి. అమెరికా నుంచి మరికొందరు డాక్టర్లు, నర్సులు వచ్చి చేరారు. చీరాలలో డాక్టర్ మేరీ బేర్ మరో ఆస్పత్రిని నిలబెట్టారు. పల్నాడులో రెంటచింతల దాకా మిషన్ వైద్యం వెళ్లింది.

బ్రిటిష్ ప్రభుత్వం కుగ్లర్‌కు 1905లో కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1917లో మరోసారి అదే గౌరవం దక్కింది. అదే పతకాన్ని 1915లో అందుకున్న గాంధీజీ 1920లో తిప్పి పంపేశారు. ఆ తర్వాత గుంటూరు జిల్లా ఉడికిపోయింది. 1921లో చీరాల–పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి గుడిసెల్లోకి వెళ్లిపోయారు. 1922 వచ్చేసరికి పెదనందిపాడు ఫిర్కా పన్నులు కట్టనంది. తెల్ల ముఖం కనిపిస్తే చాలు, అనుమానంగా చూసే రోజులు అవి. అందులోనూ ఆస్పత్రి నడిచింది. కాన్పు నొప్పులు సహాయ నిరాకరణ చేయవు కదా.

ఆమె పెళ్లి చేసుకోలేదు. మధ్యలో సెలవు మీద అమెరికా వెళ్లినా మళ్లీ గుంటూరుకే తిరిగొచ్చారు. ఆర్డ్‌మోర్‌లో గడిపినవి 27 ఏళ్లు అనుకున్నా, ఇక్కడివి దాదాపు 47 ఏళ్లు. ఇన్నేళ్ల తర్వాత పరాయిది అనే మాట ఏ ఊరికి వర్తిస్తుందో చెప్పడం కష్టం.

చివరి రోజుల్లో ఆమె కలం పట్టారు. 1928లో పుస్తకం వచ్చింది. ఏడు పదులు దాటిన మనిషి, అన్ని వేల మంది రోగులను చూసిన మనిషి, జీవిత కథ రాసుకుంటే తప్పు పట్టేవాళ్లు ఎవరు? ఆమె మాత్రం ఆస్పత్రి కథ రాశారు. పుస్తకం పేరు ‘గుంటూరు మిషన్ హాస్పిటల్’.

రెండేళ్ల తర్వాత, 1930 జూలై 26న, గుంటూరులో తాను కట్టించిన ఆస్పత్రిలోనే ఆమె కన్నుమూశారు. ఆ తర్వాత మిషన్ వాళ్లు ఆస్పత్రికి ఆమె పేరు పెట్టారు. ఊరి జనం నోట్లో అది ‘కుగ్లర్ ఆస్పత్రి’ అయింది. పేరు విని ఎవరో దొర కట్టించాడనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతూ ఉంటారు.